జ్ఞాపకం పోయాక మిగిలే మనిషి

1955 ఏప్రిల్‌లో బ్రెండా మిల్నర్ అనే మనోవైజ్ఞానికురాలు మాంట్రియల్ నుంచి అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరానికి వచ్చి ఒక రోగిని పరీక్షించారు. ఇవాళ తేదీ ఎంత అని అడిగితే 1953 మార్చి అన్నాడు. వయసు 27 అన్నాడు. అప్పటికి అతనికి 29 నిండాయి. ఆ గదిలోకి వచ్చే ముందే మరో డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. ఆ మాట ఎత్తితే, తాను ఎవరితోనూ మాట్లాడలేదన్నాడు. మాటతీరులో మాత్రం ఏ లోపమూ లేదు. ప్రజ్ఞా పరీక్షలో 112 వచ్చింది, అంటే సగటు కంటే ఎక్కువే.

ఆ రోగి పేరు హెన్రీ మొలైసన్. బతికున్నంతకాలం వైద్యపత్రాలు ఆయన్ను హెచ్.ఎం. అనే పొడి అక్షరాలతోనే పిలిచాయి. 2008 డిసెంబరు 2న 82వ ఏట కన్నుమూసిన తర్వాతే లోకానికి అసలు పేరు తెలిసింది. చిన్నతనం నుంచి మూర్ఛ ఆయన్ను పీడించింది. ఏ మందూ పనిచేయక, ఉద్యోగం చేసే వీలు కూడా లేకపోవడంతో 1953లో విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు ఆయన మెదడులో రెండు కణతల లోపలివైపు భాగాన్ని తొలగించాడు. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌లో చాలా భాగం, ఉద్వేగాలతో ముడిపడిన అమిగ్డలా, వాటి చుట్టూ ఉన్న కొంత కణజాలం పోయాయి. అది ప్రయోగాత్మకమైన చికిత్సేనని స్కోవిల్ తానే రాశాడు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆనాటి నుంచి జరిగిన ఏ సంఘటనా ఆయనకు కొద్ది నిమిషాలకు మించి నిలవలేదు. ఆ తర్వాత ఆయన 55 ఏళ్ళు బతికాడు.

జ్ఞాపకం గురించి శాస్త్రం నేర్చుకున్న పాఠాల్లో ఆయన పుణ్యమా అని దొరికినవి ఎన్నో ఉన్నాయి. వాటి వెనక ఉన్న మరో ప్రశ్నకు మాత్రం దక్కాల్సినంత చర్చ దక్కలేదు. నిన్నటితో సంబంధం తెగిపోయిన ఈ మనిషిని ఒకే మనిషి అని ఏ ఆధారంతో అంటాం? 1960లో ఉదయం కాఫీ తాగిన హెన్రీ, అదే సాయంత్రం కిటికీ దగ్గర కూర్చున్న హెన్రీ ఒక్కరేనా?

ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ సిద్ధాంతాన్ని అక్షరాలా పాటిస్తే ఒక్కరు కారనే చెప్పాలి. 1694లో ఆయన ఇచ్చిన నిర్వచనం ప్రకారం గతంలోని పనులను నావి అని గుర్తించే స్పృహ ఎంతదూరం వెనక్కి వెళ్తే ఆ వ్యక్తి అంతదూరం ఉన్నట్టు. ఒక రాకుమారుడి స్పృహ చెప్పులు కుట్టేవాడి శరీరంలోకి చేరితే అక్కడ ఉన్నది రాకుమారుడే అని ఆయన ఉదాహరణ. వినగానే సబబుగానే తోస్తుంది. 1785లో స్కాట్లండ్ తత్వవేత్త థామస్ రీడ్ దీనికి గట్టి అభ్యంతరం చెప్పాడు. చిన్నప్పుడు పండ్లు దొంగిలించి దెబ్బలు తిన్న కుర్రవాడు, యుద్ధంలో శత్రు పతాకం పట్టుకున్న యువ సైనికాధికారి, ముసలి సేనాపతి ముగ్గురూ ఒకే వ్యక్తి అనుకుందాం. అధికారికి తాను తిన్న దెబ్బలు గుర్తున్నాయి, సేనాపతికి తాను పట్టుకున్న పతాకం గుర్తుంది గానీ చిన్ననాటి దెబ్బలు గుర్తు లేవు. లాక్ లెక్కన సేనాపతి, అధికారి ఒకరే. అధికారి, కుర్రవాడు ఒకరే. సేనాపతి, కుర్రవాడు మాత్రం వేర్వేరు. తర్కానికి ఇది నిలవదు. ఇంత పాత అభ్యంతరం ఉన్నా, మన ఇళ్ళలో ఇప్పటికీ నడుస్తున్నది లాక్ సిద్ధాంతమే. మతిమరుపు వ్యాధి ముదిరిన తండ్రి గురించి “నాన్న ఎప్పుడో వెళ్ళిపోయారు, ఇప్పుడున్నది శరీరమే” అని పిల్లలు అంటున్నారంటే, గుర్తులేని మనిషి మనిషిగా లేనట్టే అన్న నమ్మకం ఆ మాటలో ఉంది. ఆ నమ్మకం తప్పు అని చెప్పడానికి తర్కం కంటే బలమైన సాక్ష్యం హెన్రీ, ఆయనలాంటి మరికొందరి జీవితాల్లో దొరుకుతుంది.

శరీరంతో మొదలుపెట్టవచ్చు. అద్దంలో మాత్రమే కనిపించే నక్షత్రం బొమ్మ అంచుల మధ్య పెన్సిలుతో గీత గీయమని మిల్నర్ హెన్రీకి పని పెట్టారు. అద్దంలో దిక్కులు తారుమారవుతాయి కాబట్టి ఎవరికైనా మొదట చేయి తడబడుతుంది. మూడు రోజుల సాధనలో హెన్రీ చేయి బాగా కుదురుకుంది. మూడో రోజు కూడా ఆయనకు ఆ పని ఎప్పుడైనా చేసినట్టే తెలియదు; ఇంత తేలిగ్గా వచ్చిందేమిటని ఆశ్చర్యపోయాడు. చేతికి తెలిసింది, చెప్పేవాడికి తెలియలేదు. అలాగే శస్త్రచికిత్స జరిగిన కొన్నేళ్ళకు మారిన ఇంట్లో రోజూ తిరిగీ తిరిగీ, ఆ ఇంటి గదుల అమరికను కాగితం మీద గీయగలిగే స్థాయికి వచ్చాడు.

దీనికంటే పాత సాక్ష్యం జెనీవాలో ఉంది. 1911లో రాసిన దాని ప్రకారం ఎడ్వర్డ్ క్లాపరేడ్ అనే వైద్యుడు, తనను రోజూ కొత్తగా పరిచయం చేసుకోవాల్సి వచ్చే ఒక రోగిణితో చేయి కలుపుతూ వేళ్ళ మధ్య సూది దాచి గుచ్చాడు. కొద్ది నిమిషాలకే ఆమె ఆ సంగతి మరిచిపోయింది. అయినా అతను మళ్ళీ చేయి చాచితే తన చేయి వెనక్కి లాగేసుకుంది. ఎందుకని అడిగితే, చేతుల్లో సూదులు దాచేవాళ్ళు ఉంటారు కదా అన్నట్టు ఏదో చెప్పింది. ఇవాళ ఏ నైతిక సంఘమూ అనుమతించని ప్రయోగం అది, అనుమతించకూడదు కూడా. అయినా ఆ రోగిణి చేసింది మనం గుర్తుంచుకోదగ్గది. తనకు జరిగిన అన్యాయం జ్ఞాపకంలో లేకపోయినా ఆమె దాన్ని మోస్తూనే ఉంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో జస్టిన్ ఫైన్‌స్టైన్ బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. హిప్పోకాంపస్ దెబ్బతిన్న ఐదుగురు రోగులకు మొదట దుఃఖం కలిగించే సినిమా దృశ్యాలు, మరోసారి సంతోషం కలిగించేవి చూపించారు. కొద్దిసేపటికే వాళ్ళకు దృశ్యాల వివరాలు చాలావరకు చెరిగిపోయాయి. దుఃఖం చెరగలేదు. ఎందుకు దిగులుగా ఉందో చెప్పలేకుండానే దిగులుగా ఉండిపోయారు. 2014లో అదే విశ్వవిద్యాలయంలో అల్జీమర్స్ వ్యాధి ఉన్న 17 మందితో చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది. అంతేకాదు, దృశ్యాలను ఎంత తక్కువ గుర్తుపెట్టుకుంటే దుఃఖం అంత ఎక్కువసేపు నిలిచిన సూచనలు కూడా కనిపించాయి. ఎందుకలా అనేది ఆలోచిస్తే అర్థమవుతుంది. కారణం తెలిసిన దుఃఖానికి మనం ఏదో ఒక సమాధానం చెప్పుకుంటాం, అది సినిమాయే కదా అనుకుంటాం. కారణం తెలియని దుఃఖానికి అలా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

మన ఇళ్ళలో వృద్ధుల విషయంలో ఎంతో తేలిగ్గా వాడే “ఎలాగూ గుర్తుండదు కదా” అన్న మాట ఎంత తప్పో ఈ రెండు అధ్యయనాలు చూపిస్తాయి. పరామర్శకు వెళ్ళకపోవడానికి, విసుక్కోవడానికి, అడిగిందే అడుగుతున్నారని కసురుకోవడానికి ఆ మాటే అనుమతి పత్రంగా మారుతోంది. కసురు గుర్తుండదు, నిజమే. కసురు తర్వాతి మధ్యాహ్నం మాత్రం వాళ్ళ లోపల ఉండిపోతుంది. అలాగే కూతురు వచ్చి పక్కన కూర్చుని పాత ముచ్చట్లు చెప్పి వెళ్ళిన పూట, ఆమె వచ్చిందన్న సంగతి మరిచిపోయినా మనసు తేలికపడే ఉంటుంది. ఆమె రావడం వృథా కాలేదు.

హెన్రీ విషయంలో మరో సంగతి ఉంది. ఆయన మాటల్లో పరిశోధకులు నమోదు చేసినది ఒకటి: ఇప్పుడు నేను ఏదైనా తప్పుగా చేశానా, తప్పుగా మాట్లాడానా అని ఆలోచిస్తున్నానన్నాడు. ప్రతి రోజూ దానికదే విడిగా ఉంటుందని, ఎంత ఆనందం కలిగినా ఎంత దుఃఖం కలిగినా అంతేనని కూడా అన్నాడు. క్షణం కిందట ఏం చేశాడో తెలియని మనిషి, ఆ చేసిన పని వల్ల ఎదుటివారికి నొప్పి కలిగిందేమోనని కంగారుపడుతున్నాడు. తన మీద జరిగే పరీక్షల వల్ల తెలిసేది ఇతరులకు సాయపడుతుందని పదేపదే సంతోషంగా చెప్పేవాడు. ఆ మాట కిందటిసారి చెప్పానన్న గుర్తు లేకుండానే ప్రతిసారీ అదే చెప్పాడు. ఒక గుణం అంటే ఇదే కదా. జ్ఞాపకం నుంచి తీసి వల్లించేది కాకుండా, అడిగిన ప్రతిసారీ కొత్తగా అదే చోటి నుంచి పుట్టుకొచ్చేది.

తన గుణాలు తనకు తెలియడానికి కూడా గత సంఘటనలు అక్కర్లేదని టొరంటోకు చెందిన కెంట్ కాక్రేన్ చూపించాడు. 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదం తర్వాత తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటననూ ఆయన తలచుకోలేకపోయాడు. ప్రమాదానికి ముందు సరదాగా, దూకుడుగా ఉండే కాక్రేన్ తర్వాత నెమ్మదస్తుడయ్యాడు. ఎండెల్ టుల్వింగ్ అనే మనోవైజ్ఞానికుడు ఆయనకు స్వభావ లక్షణాల పట్టిక ఇచ్చి నీకు ఏవి వర్తిస్తాయో చెప్పమన్నాడు. కాక్రేన్ ఇచ్చిన జవాబులు, ప్రమాదం తర్వాతి కొడుకు గురించి తల్లి ఇచ్చిన జవాబులతో సరిపోయాయి. తాను ఎలాంటివాడో చూపే ఒక్క సంఘటనా చెప్పలేడు, ఎలాంటివాడో మాత్రం తెలుసు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఊహించే పరీక్షల్లోనూ ఆయన మామూలు వాళ్ళలాగే నెగ్గాడు.

ఇదంతా విని, పోయినదేమీ లేదన్నట్టు మాట్లాడితే అది హెన్రీకి చేసే అన్యాయం. పోయింది చాలా ఉంది. రేపు ఏం చేస్తావని అడిగితే కాక్రేన్‌కు నిన్నటి గురించి అడిగినప్పటిలాగే ఖాళీయే కనిపించేది. హెన్రీకి ఆకలి, నొప్పి కూడా ఉన్నట్టు తనంతట తాను చెప్పడం అరుదు. పెళ్ళి, వృత్తి, సొంత ఇల్లు, ఏదీ ఆయన జీవితంలో కుదరలేదు. మేనమామ చనిపోయిన సంగతి చెప్పినప్పుడు ఎంతో చలించిపోయి, తర్వాత మరిచిపోయి, మళ్ళీ మేనమామ ఎప్పుడొస్తాడని అడిగేవాడు. తండ్రి లేడని, తల్లి వృద్ధుల నర్సింగ్ హోంలో ఉందని రాసిన చీటీ పర్సులో పెట్టుకుని తిరిగేవాడు. ఈ నష్టాన్ని తక్కువ చేసి చూపే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే ఆ నష్టం ఒక వ్యక్తికి జరిగిన నష్టం, ఆ వ్యక్తే లేకుండా పోవడం వేరు.

ఆ చీటీ ఇంకో దారి కూడా చూపిస్తుంది. మన కథ మొత్తాన్ని మనమే మోస్తున్నామని అనుకుంటాం గానీ, ఎవరి విషయంలోనూ అది నిజం కాదు. మూడేళ్ళ వయసులో మనం ఎలా ఉండేవాళ్ళమో అమ్మకు తెలుసు, మనకు తెలియదు. అయినా ఆ మూడేళ్ళ పిల్ల నేను కాదని ఎవరూ అనరు. హెన్రీ విషయంలో ఆ మోసేవాళ్ళు తల్లిదండ్రులు, తర్వాత ఒక దూరపు బంధువు, చివరి 28 ఏళ్ళు నర్సింగ్ హోం సిబ్బంది. 1962 నుంచి ఆయనతో పనిచేసిన పరిశోధకురాలు సుజాన్ కార్కిన్ చివరిదాకా వదల్లేదు. ఆమె ఎవరో ఆయనకు ఎన్నడూ కచ్చితంగా తెలియలేదు గానీ, ఎక్కడో చూసినట్టుందని, బహుశా హైస్కూల్లో కలిసి చదువుకున్నామని చెప్పేవాడు. దశాబ్దాల పరిచయం పేరుగా నిలవలేదు, చనువుగా నిలిచింది.

బ్రిటిష్ సంగీతకారుడు క్లైవ్ వేరింగ్ కథలో ఇది ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. 1985లో మెదడుకు సోకిన హెర్పిస్ వైరస్ ఆయన స్పృహను కొన్ని సెకన్ల నిడివికి కుదించింది. ఇప్పుడే మొదటిసారి మెలకువ వచ్చిందని డైరీలో రాసుకోవడం, ముందు రాసిన అదే వాక్యాన్ని అబద్ధమని కొట్టేయడం, మళ్ళీ రాయడం, పేజీలకు పేజీలు ఇదే. కానీ పియానో ముందు కూర్చుంటే వేళ్ళు ఆగలేదు, గాయక బృందాన్ని నడిపించే నేర్పు పోలేదు. భార్య డెబొరా గదిలోకి వచ్చినప్పుడల్లా ఏళ్ళ ఎడబాటు తర్వాత చూసినంత ఆనందంతో ఎదురువెళ్ళేవాడు. పెళ్ళి ఎప్పుడు జరిగిందో చెప్పలేని మనిషికి ఎవరిని ప్రేమిస్తున్నాడో సందేహం లేదు.

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు రాజు మిలిందుడికీ బౌద్ధ భిక్షువు నాగసేనుడికీ మధ్య జరిగినట్టు చెప్పే సంవాదంలో ఈ చిక్కు ముందే ఉంది. పుట్టినవాడూ పెరిగినవాడూ ఒకడేనా అని రాజు అడుగుతాడు. రాత్రంతా వెలిగే దీపం మొదటి జాములోనూ చివరి జాములోనూ ఒకే జ్వాలా అని నాగసేనుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. అదే కాదు, వేరే కూడా కాదు. లోపల మారకుండా ఉండే ముద్ద ఒకటి ఉంటేనే మనిషి అనాలన్న పట్టుదలను వదిలేస్తే, కొనసాగడం అన్నది పోలికతోనూ సంబంధంతోనూ జరుగుతుందని ఆ జవాబు సూచిస్తుంది. హెన్రీలో తెగిపోయింది ఒక్క పోగు. అలవాట్లు, అనుభూతులు, స్వభావం, ఆయనను ఎరిగినవాళ్ళు అనే మిగతా పోగులు తెగలేదు.

అయితే ఆ మిగతా పోగుల్లో స్వభావమే తెగితే? ఈ ప్రశ్న దగ్గర వాదన కష్టమవుతుంది. నీనా స్ట్రోమింగర్, షాన్ నికోల్స్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో మెదడు క్షీణించే మూడు రకాల వ్యాధులున్నవారి కుటుంబసభ్యులను, సంరక్షకులను ప్రశ్నించారు. అల్జీమర్స్, కండరాలను బలహీనపరిచే నాడీవ్యాధి, మెదడు ముందుభాగాన్ని దెబ్బతీసే డిమెన్షియా (మానసిక శక్తులు క్రమంగా క్షీణించే జబ్బు), ఈ మూడింటిలో చివరిదాని బారిన పడినవారి గురించే “ఈయన మునుపటి మనిషి కాడు” అన్న భావన ఎక్కువగా కనిపించింది. ఆ వ్యాధిలో మొదట పోయేది జ్ఞాపకం కాదు; దయ, సిగ్గు, ఎదుటివారి పట్ల పట్టింపు. కుటుంబాలు మనిషి పోయాడని తలచేది మతి పోయినప్పటి కంటే మంచి పోయినప్పుడన్నమాట. లాక్ మూడు శతాబ్దాల కిందట పొరబడిన చోట, రోగి పక్కన రాత్రులు గడిపిన సాధారణ మనుషులు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ వాళ్ళ భావనను తుది తీర్పుగా తీసుకోకూడదు. ఉన్నట్టుండి కటువుగా మారిన భర్త, ఆ మార్పు తెచ్చుకున్నవాడు కాదు, దానికి గురైనవాడు. అతనికీ చలి వేస్తుంది, భయం వేస్తుంది.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురించిన జాతీయ స్థాయి అంచనా చెబుతోంది. వీళ్ళలో అత్యధికులు ఇళ్ళలోనే, కుటుంబం చేతుల్లోనే ఉన్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక ఆసక్తికరమైన ఫలితం వెల్లడించింది: ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురానివారిలో కూడా. తెలుగు, ఉర్దూ, హిందీ అంటూ ఎవరితో ఏ భాషో మార్చుకుంటూ బతికిన బతుకు మెదడుకే కొంత కాపు కాసిందన్నమాట. మనిషి నలుగురి మధ్య తయారవుతాడనడానికి అది కూడా ఒక సాక్ష్యమే.

ఇలాంటి కుటుంబాలకు రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చనిపోయిన భార్య ఏదని తాతయ్య అడుగుతాడు. నిజం చెబితే ప్రతిసారీ కొత్త దుఃఖం. హెన్రీ మేనమామ విషయంలో జరిగింది అదే. అబద్ధం చెబితే మోసం చేశామన్న బాధ. చాలామంది సంరక్షకులు అనుభవంతో కనుక్కున్న మార్గం మెరుగైనదనిపిస్తుంది: ప్రశ్నలోని తేదీలను వదిలి అందులోని బెంగను అందుకోవడం. “నాయనమ్మ గుర్తొచ్చిందా తాతయ్యా, ఆమె చేసే పులిహోర గురించి చెప్పండి” అంటే అందులో అబద్ధమూ లేదు, గాయమూ లేదు. ఆయన అడిగింది మరణ ధ్రువపత్రం గురించి కాదు కదా.

వీటన్నిటికంటే బరువైన ప్రశ్న చట్టం దగ్గర ఎదురవుతుంది. 1990లలో అమెరికా న్యాయతత్వవేత్త రొనాల్డ్ డ్వోర్కిన్ మార్గో అనే రోగిణి ఉదాహరణ చర్చకు పెట్టాడు. అల్జీమర్స్ ఉన్న ఆమె 55 ఏళ్ళ వయసులో రోజూ ఒకే బొమ్మ వేసుకుంటూ, పుస్తకంలో పేజీలు తోచినట్టు తిరగేస్తూ ఎంతో సంతోషంగా ఉండేది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆమె, డిమెన్షియా వస్తే నాకు వేరే ఏ జబ్బు వచ్చినా వైద్యం చేయవద్దని రాసిపెట్టి ఉంటే, ఇప్పుడు న్యుమోనియా వస్తే ఏం చేయాలి? రాసిన మాటే చెల్లాలని, అది ఆమె పూర్తి జీవితానికి ఇచ్చిన రూపమని డ్వోర్కిన్ వాదన. ఇప్పుడు ఆనందంగా ఉన్న మనిషిని, తనకు గుర్తే లేని కాగితం కోసం చావనివ్వడం ఎలా అని మరో న్యాయశాస్త్రవేత్త రెబెకా డ్రెసర్ ప్రతివాదన. మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ముందస్తు వైద్య నిర్దేశాలకు చట్టబద్ధత కల్పించి, 2023లో ఆ విధానాన్ని సులభం చేసింది. అవి కోలుకునే ఆశ లేని రోగుల ప్రాణాధార చికిత్సకు పరిమితం కాబట్టి మార్గో లాంటి ప్రశ్న ఇంకా మన కోర్టుల ముందుకు నేరుగా రాలేదు. 88 లక్షల మంది ఉన్న దేశంలో వచ్చే రోజు దూరంలో లేదు.

డ్వోర్కిన్ వాదనలో గౌరవించాల్సింది ఉంది: నా చివరి రోజులు ఎలా ఉండాలో నేను ముందే ఆలోచించి రాసిన మాటను గాలికి వదిలేయడం నన్ను చిన్నపరచడమే. అయితే ఆయన మార్గోను చూసిన తీరులో, ఇప్పుడు కుర్చీలో కూర్చుని బొమ్మ వేస్తున్నది ఒక పూర్తి జీవితపు శిథిలం మాత్రమే అన్న భావన ఉంది. హెన్రీ, కాక్రేన్, అయోవాలోని 17 మంది ఇచ్చిన సాక్ష్యం ఆ భావనకు ఎదురు నిలుస్తుంది. ఆమెకు ఇష్టాలున్నాయి, బాధ తెలుస్తుంది, దయ తెలుస్తుంది, రేపు ఉదయం మళ్ళీ అదే బొమ్మ వేయాలనిపిస్తుంది. కాగితం మీది సంతకం ఎంత ఆమెదో, ఆ రంగు పెన్సిలు అందుకునే చేయీ అంత ఆమెదే. రెండూ ఢీకొన్నప్పుడు, నొప్పితో మంచం పట్టిన రోగి విషయంలో కాగితానికీ, సంతోషంగా ఉన్న రోగి విషయంలో ఆ రోగికీ మొగ్గే విధంగా మన చట్టం రూపుదిద్దుకోవాలి. అందుకు ముందుగా, సంతకం చేసే రోజునే డాక్టర్లు, న్యాయవాదులు ప్రతి ఒక్కరినీ ఈ ప్రశ్న విడిగా అడిగి జవాబు రాయించాలి: మీకేమీ గుర్తులేని రోజున మీరు సంతోషంగా కనిపిస్తే, ఎవరి మాట వినమంటారు?